పోలిరాజు ఇంటి గాలి

తవిటమ్మ తలుపు తీసేసరికి గుమ్మంలో ఒకాయన నిలబడి వాసన చూస్తున్నాడు.

"ఎవులు కావాల?"

"మంగళవారం మీ ఇంట్లో ఎండు నెత్తళ్లు వేపినారా అమ్మా?"

 ఆ రోజు శుక్రవారం. మంగళవారం ఆ చిన్న ఎండుచేపలు వేపిన మాట నిజం.

"మావా! ఒకపాలి ఇలగ్రా!" అని మొగుణ్ణి కేకేసింది.

పోలిరాజు బెంగాలీల ఊళ్లో, టికియాపారా రైల్వే షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగాక, కరెంటు ఉన్నంతసేపు, క్వార్టరు వంటింటి వరండాలో కంప్రెసరు నడుపుతాడు. జెట్టీల కింద నీళ్లలో మునిగి మరమ్మతు చేసేవాళ్ల సిలిండర్లకు గాలి నింపి, నింపిన వారం పేరు సుద్దతో రాస్తాడు. కంప్రెసరు తవిటమ్మ గొలుసు అమ్మి కొన్నది. గాలి పీల్చి వడకట్టే గొట్టం అతనే చేశాడు. అందులో దూది, బొగ్గు, తేమ లాగే గుళికలు కూరాడు.

గాలి వాసనొస్తోందని మునిగేవాళ్ల ఫిర్యాదు ఉందనీ, ఇంకొకటి వస్తే పని పోతుందనీ కాంట్రాక్టరు వారం కిందటే కబురు పంపాడు.

పోలిరాజు వచ్చినవాణ్ణి పైనుంచి కిందికి చూశాడు.

"దాదా, పార్టీ లోకల్ కమిటీ పంపిందా?"

"నేదన్నా."

"రైల్వేవోళ్లా?"

"కాదు. నా పేరు ఎలీయాజరు. మాది భీమిలి. మీ గాలి గురించి..."

"నువ్వాగు మావా," అంది తవిటమ్మ. "నెత్తళ్ల మాట నాను ఎవులికీ సెప్పనేదు. ఈ బాబుకి ఏదో పూనింది."

"ఆయన కిరస్తానపోడే!"

"ఏ దేవుడైతే ఏటి?"

పీట వేసింది. టీ ఇచ్చింది. ఎదురుగా కూర్చుంది.

"బాబూ, మాకీ పని నిలబడతాదా?"

"నిలబడాలంటే ఆ గొట్టం మూతి పొయ్యి కాణ్ణించి తీసి మేడ మీద ఎట్టండి. బొగ్గు పాతదైతే వాసన ఆగదు. కొత్తదైనా పొయ్యి పొగలో ఇసం ఆగదు."

"మూతి తూరుపుకా, ఉత్తరానికా?"

"పొగ నేని దిక్కుకి."

"నిమ్మకాయలు కట్టాల?"

"వొద్దమ్మా. అదీ వాసనొస్తాది."

పోలిరాజుకు కోపం వచ్చింది. తను చేసిన గొట్టానికి ఇంతవరకు ఎదుటపడి ఎవరూ వంక పెట్టలేదు.

"ఇంకా ఏటేటి తెలుసు నీకు? సెప్పు, ఇందాం."



"శనివారాలు గొట్టం కాడ ఎవులో సుట్ట కాలుస్తారు."

పోలిరాజు సింహాచలం అప్పన్న మీద ఒట్టేసి చుట్ట మానేశాడు. తవిటమ్మ ఎదుటే ఒట్టేశాడు. శనివారాలు ఆమె సంతకు వెళుతుంది.

తవిటమ్మ మొగుడి వైపు తిరిగింది.

"లంక పొగాకు," అన్నాడు ఎలీయాజరు.

పోలిరాజు అతని జబ్బ పట్టుకుని మెట్ల దాకా నడిపించాడు.

"మా కొంపలో నీకేటి పని? మళ్లీ కనిపించినావంటే కాళ్లిరగ్గొడతాను!"

ఎలీయాజరు నాలుగు మెట్లు దిగి ఆగాడు.

"మేడ మీద ఎట్టన్నా."

"పోరా!"

ఆ సాయంత్రం కరెంటు వచ్చింది. పోలిరాజు కంప్రెసరు వేశాడు. గొట్టం మూతి పొయ్యి పక్కనే ఉంది. తవిటమ్మ మొగుడితో మాట్లాడలేదు. ఆ పూట మూకుడు నిండా ఎండుమిరపకాయలు వేయించింది. వీధిలో వాళ్లు కూడా తుమ్మారు.

సోమవారం కాంట్రాక్టరు బండి తోలే సూరన్న వచ్చాడు. నిండిన సిలిండర్లు తీసుకోలేదు. ఖాళీవి దించలేదు.

"పని అయిపోయింది పోలిరాజన్నా. ఇక మీద గార్డెన్‌రీచ్‌లో నింపిస్తారంట."

"ఏటైంది?"

"పొద్దున్న జెట్టీ కింద దిగినోడు దగ్గుకుంటా పైకొచ్చీసినాడు. కాంట్రాక్టరు బూట్ల మీదే వాంతి సేసుకున్నాడు."

తవిటమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

"మనిసికేటీ కానేదు గదా?"

"బాగానే ఉన్నాడు. గట్టు మీద కూకుని నవ్వుతన్నాడు, ఈ పాలి మిరపకాయలూ అని."

 పోలిరాజు కంప్రెసరు వైపు చూశాడు.

"ముందే సెప్పినాడు సూరన్నా," అంది తవిటమ్మ. "ఇంటికొచ్చి మరీ సెప్పినాడు. ఈయన గెంటీసినాడు."

"ఎవుల్ని?"

"ఎలీయాజరంట."

సూరన్న మెట్టు మీద కూర్చున్నాడు.

"వాసనకి మీ సిలిండర్లు ఇంకెవులూ ముట్టరు పోలిరాజన్నా. 'మనోళ్ల ఇంటి గాలి, నాకు బాగానే ఉంది' అని కాంట్రాక్టరుకి సెప్పి, ఏడాది బట్టి అన్నీ తన ఈపుకే కట్టుకుని దిగుతన్నోడు ఆ ఎలీయాజరే."