ఇంకో భక్షం

“సారుకు గూడ ఎయ్యి జమునా,” అన్నాడు జగదీశ్వర్, తండ్రి విస్తరిలో ఇంకో భక్షం పెట్టి ఆ బొబ్బట్టు మీద నెయ్యి పోస్తూ.

గిడియోన్ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దమ్మా. నాకు షుగరుంది.”

మంచిర్యాలలో టీచరుగా పనిచేసే గిడియోన్, బడిపిల్లలకు రామగిరి ఖిల్లా చూపించాలని, ముందుగా దారీ వసతీ కనుక్కోవడానికి వచ్చాడు. ఖిల్లా కింది ఊళ్లో జగదీశ్వర్ తన ఇంటిని ఆనుకుని రెండు గదులు వేసి, గెస్ట్‌హౌస్ అని బోర్డు పెట్టాడు. వంట అతని భార్య జమునది. వచ్చినవాళ్లెవరైనా సరే, ఇంటివాళ్లతో పాటు ఒకే చాప మీద కూర్చుని తినాలి. హోటల్ తిండితో విసిగిపోయిన గిడియోన్‌కు ఈ పద్ధతి భలే నచ్చింది.

“నాకైతే గసొంటి రోగాలేం లేవు సారూ,” అన్నాడు జగదీశ్వర్ తండ్రి రాయమల్లు, చెంబెత్తి గటగటా నీళ్లు తాగి. “నా నౌకరి వీనికి ఇప్పిద్దామని, అన్‌ఫిట్ చెయ్యుండ్రని నిరుడు మెడికల్ బోర్డుకు పోయిన. బొగ్గుబాయిల కష్టం చేసిన ఒళ్లు గదా, ఫిట్టని ఎల్లగొట్టిండ్రు.”

గొప్పగా మొదలుపెట్టిన ముసలాయన గొంతు చివరికి నీరుగారింది.

“నెలాఖరుకు రిటైరైత, ఇగ నా నౌకరి వీనికి రాదు. మా పక్కింటి సదయ్య నయం సారూ. సర్వీసుల ఉండంగనే గుండె ఆగిపాయె, కొడుకుకు నౌకరచ్చె. నేనే వీనికేం చెయ్యకపోతి.”

“గా ముచ్చట ఇప్పుడెందుకు బాపూ? తిను,” అని జగదీశ్వర్ భక్షం తుంచి, నెయ్యిలో ముంచి, తండ్రి నోటికి అందించాడు.

గిడియోన్‌కు ముచ్చటేసింది. తండ్రి నౌకరి దక్కలేదని అన్నం దగ్గర సూటిపోటి మాటలనే కొడుకు ఆ చుట్టుపక్కల వాడకొకడున్నాడు. ఇతనేమో తినిపిస్తున్నాడు. తన కొడుకు తనకు మంచినీళ్లిచ్చి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చి, కాస్త కుళ్లుకున్నాడు కూడా.

రాయమల్లు లేచి, కుంటుకుంటూ పెరట్లోకి వెళ్లొచ్చాడు. భోజనానికి కూర్చున్నాక అది రెండోసారి. కాలికి కట్టుంది.

“కాలికేమైంది పెద్దాయనా?”

“సకల జనుల సమ్మెల తిరిగి తిరిగి చెప్పు కరిచింది సారూ. చలికాలం పోయి ఎండలు ముదిరినా మానుతలేదు.”

“ఒకసారి రక్తం పరీక్ష చేయించుండ్రి.”

“చేయించిన సార్, పెద్దపల్లిల. డాక్టర్ ఏం లేదన్నడు,” అని జగదీశ్వర్ మళ్లీ భక్షం వేశాడు.

“ఇగ చాలు బిడ్డా,” అన్నాడు రాయమల్లు.

“కొడుకు అంత ప్రేమతోని పెడ్తుంటే వద్దంటరా? తినుండ్రి,” అని గిడియోనే బలవంతపెట్టాడు.

ముసలాయన నవ్వుతూ తిన్నాడు. “రిటైరైనంక రోజూ గిట్లనే, అచ్చినోళ్లతోని కూసోని తింట సారూ. ఇంకేం గావాలె నాకు?”

చెయ్యి కడుక్కుని సంచి వెతికితే గిడియోన్‌కు తన మాత్రలు కనబడలేదు. ఇంట్లోనే మరిచిపోయాడు. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, “ఊళ్లె మందుల షాపుందా అమ్మా? షుగర్ గోలీలు మర్చిపోయి వచ్చిన,” అన్నాడు.

జమున చాప వైపు తొంగి చూసింది. తర్వాత పసుపు డబ్బా వెనక చెయ్యి పెట్టి, ఒక పట్టీ తీసి ఇచ్చింది. గిడియోన్ వేసుకునే మాత్రలే. అందులో ఒక్కటీ వాడలేదు.

“ఎవరివమ్మా ఇవి?”

“మా మామయి. పెద్దపల్లి డాక్టర్ రాసిచ్చిండు.”

“మరి ఆయనకియ్యలేదేంది?”

చాప మీద నుంచి రాయమల్లు మళ్లీ మంచినీళ్లడుగుతున్నాడు. జమున తల దించుకుంది.

“నెలాఖరు దాటినంక ఇద్దామన్నడు సార్, మా ఆయన.”