మూయని డిస్కు

ఆ ఉదయం ఆకాశం సముద్రం మీదికి వంగి కూర్చుంది. రెండూ ఒకే బూడిదరంగు. గాలి తగ్గేదాకా ఓడ రేవు దాటదని దీవి అంతటికీ తెలిసిపోయింది.

లోసేలికి ఓడతో పని లేదు. ఆమె పోరాటమంతా డీవీడీ పెట్టెతో.

డిస్కు చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది. గౌను అంచుతో తుడిచింది. సబ్బునీళ్ళతో కడిగింది. ఎండ లేదు గనక పొయ్యికి దూరంగా పెట్టి ఆరబెట్టింది. పెట్టెలో వేస్తే కాసేపు గుర్రుమని తిరిగి, డిస్కు లేదని చూపించింది.

"లేదంటుందేమిటి, నా చేత్తో నేను పెడితే!"

ఆడపడుచు వైమోవానా తన ఇంటి పెట్టెను చంకన పెట్టుకొచ్చింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే లోసేలి మొగుడు సైమోనె లేచి పెరటి తలుపులోంచి బయటికి పోయాడు. ఆ దీవి ఆచారంలో ఎదిగిన అన్నాచెల్లెళ్ళు, అక్కాతమ్ముళ్ళు ఒకే గదిలో కూర్చోరు కదా.

ఆ పెట్టె కూడా అదే మాట అంది.

"మిగతావన్నీ ఆడుతున్నాయి వదినా. దీన్లో అసలేమీ లేదేమో."

"ఉంది. మా అమ్మ మాట్లాడిందట దాన్లో."

వైమోవానా తన పెట్టె తీగ చుట్టసాగింది.

"ఊహ తెలియని పిల్లను అమ్మమ్మ ఒళ్ళో పడేసి ఆక్లండ్ పోయింది. మళ్ళీ రాలేదు. చనిపోయేముందు నన్నొకసారి తలుచుకుందో లేదో, అది తెలిస్తే నాకు చాలే."

"మీ తమ్ముడు ఫిలిమోనెనే అడగరాదూ?"

"వాడి పేరెత్తకు! అక్కడే పుట్టాడు, అమ్మ ప్రేమంతా వాడే అనుభవించాడు. నేనొక్కసారైనా వాడి మొహం చూడలేదు. ఆమెను అక్కడే పూడ్చిపెట్టి, నాకీ ఖాళీ చక్రం పంపాడు. వాడెప్పుడైనా నా గడపలోకి వస్తే చేమదుంప ముక్క కూడా పెట్టను."

వైమోవానా తన పెట్టె తీసుకుని వెళ్ళింది.

అప్పుడు చూసింది లోసేలి. సైమోనె పెరటి గుమ్మంలో ఉన్నాడు. అతని వెనక ఎవరో మనిషి. నల్ల చొక్కా, భుజాన సంచి.

"ఓడ కదలక రేవులో ఉన్నాడు. డిస్కుల సంగతి తెలుసంటే తీసుకొచ్చాను," అన్నాడు సైమోనె.

"రావయ్యా, లోపలికి రా."

ఆ మనిషి కదల్లేదు. చూపు నేల మీద. అతను సైమోనె చెవిలో ఏదో అన్నాడు.

"నువ్వు కాస్త వంటపాకలోకి పోవాలట," అన్నాడు సైమోనె.

"నా కొంపలోంచి నన్నే పొమ్మంటాడా? నా ఒంటికి ముళ్ళున్నాయా?"

"నీ నోటికి జడిసుంటాడులే. పో."

సణుగుతూనే పోయింది. కొబ్బరికాయ కొట్టి కోరుతూ కూర్చుంది. ఇంటిలోని మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఏమైంది దానికి?" సైమోనె గొంతు.

"బొమ్మ తీశారు గానీ డిస్కు మూయలేదు." తగ్గు గొంతు, మెత్తగా ఉంది. "ఆఖర్న, ఇక అయిపోయిందని మీట నొక్కి దాన్ని మూయాలి. అలా మూయకపోతే వేరే పెట్టె చదవలేదు. తీసినవాడికి తెలియలేదు."

"తెలివి ఉంటే కదా!" లోసేలి పాకలోంచే అరిచింది.

సంచి జిప్పు లాగిన చప్పుడైంది.

"అవును," అంది ఆ గొంతు.

తడిక సందులోంచి చూసింది. అతను సంచిలోంచి చిన్న కెమేరా తీశాడు. డిస్కు దాన్లో పెట్టాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు, ప్రార్థనలో కూర్చున్నట్టు.

ఆమె కొబ్బరి కోరు పిండి, ఆ పాలు చేమాకుల్లో పోసి, పొట్లాలు కట్టి, పొయ్యిలో పెట్టేదాకా అలాగే ఉన్నాడు.

పొట్లాలు ఉడికే వేళకు ఇంట్లో ముసలి దగ్గు వినిపించింది.

లోసేలి తడిచేతులతోనే పరుగెత్తింది. ఆమె ఈ గుమ్మంలో అడుగు పెట్టేసరికి అతను ఆ గుమ్మంలోంచి బయటికి పోయాడు, తల తిప్పకుండా.

ఎంత పొగరు అనుకుంది. అంతలోనే అదీ మరిచిపోయింది. టీవీలో అమ్మ ఉంది.

కిటికీ పక్కన కుర్చీలో, ఒంటినిండా దుప్పటి.

"లోసేలీ, నీ చెవి వెనక పుట్టుమచ్చ ఉందా ఇంకా? ఓడెక్కే రోజు అక్కడ ముద్దు పెట్టాను. నువ్వు నిద్రలో ఉన్నావు. లేపితే నేను పోలేనని లేపలేదమ్మా."

లోసేలి చెయ్యి దానంతటదే చెవి వెనక్కి పోయింది.

అమ్మ తలెత్తి, కెమేరా పట్టుకున్నవాడి వైపు చూసింది.

"నువ్వూ రారా. నా పక్కన కూర్చో. నిన్నూ చూడనీ."

కెమేరా వెనక నుంచి ఒక గొంతు. తగ్గు గొంతు, మెత్తగా ఉంది.

"వద్దమ్మా. ఆమె చూసే చోట నేనుండకూడదు."

బొమ్మ ఆగిపోయింది.

లోసేలి అతను పోయిన గుమ్మం వైపు తిరిగింది.

"ఏ కెమేరాతో తీశారో దానితోనే మూయాలట," అన్నాడు సైమోనె నెమ్మదిగా. "ఇందాకే చెప్పాడు."

గాలి తగ్గింది. రేవులో ఓడ మొదటి కూత వేసింది. పాక అవతల ఆ మనిషి సంచి భుజానికి తగిలించుకుంటున్నాడు.

"కూర్చోమను," అంది లోసేలి మొగుడితో.

వంటపాకలోకి పోయి ఆకు పరిచింది. కుండలోని పెద్ద చేమదుంప తీసి దాని మీద పెట్టింది. పక్కన రెండు పొట్లాలు విప్పి పెట్టింది. సైమోనె దాన్ని అవతలికి మోసుకెళ్ళాడు. లోసేలి తనకూ ఒక ఆకు వేసుకుని, కొబ్బరాకు తడికకు వీపు ఆనించి కూర్చుంది. అవతల సైమోనె ప్రార్థన చెప్పాడు.

ఓడ రెండో కూత వేసేదాకా, తడికకు అటు తమ్ముడూ ఇటు అక్కా ఒక్క మాట లేకుండా తిన్నారు.