ఛాయాదేవిగారి పెర్ల్ క్లాసు

“డాట్ స్టార్ ఏం చేస్తుంది?”

“దొరికిన అక్షరాలన్నీ లాగేసుకుంటుందండీ. పక్కన ఓ ప్రశ్నార్థకం పెడితే మాత్రం అవసరమైనంతే తీసుకుని ఆగిపోతుంది.”

ఛాయాదేవి కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. “జవాబు సరిగ్గానే చెప్పావు. ఎందుకంత గాభరా? ఎదుటివాళ్ళు వింటున్నారో లేదో చూసుకుంటూ చెప్పు.”

“నెమ్మదిగా చెబితే మధ్యలో మర్చిపోతానేమోనని భయమండీ” అంది రుచిత నవ్వుతూ.

పటమటలో ఆ మూడో అంతస్తు ఫ్లాటులో డైనింగ్ టేబులే వాళ్ళ తరగతి గది. ఛాయాదేవి పుణెలోనూ, హైదరాబాదులోనూ టెలిఫోన్ బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసింది. ఉద్యోగమంతా పెర్ల్ అనే కంప్యూటర్ భాషతోనే గడిచింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక తమ్ముడు దగ్గర్లో ఉంటాడు కదా అని విజయవాడ వచ్చి ఈ ఫ్లాటు కొనుక్కుంది. ఏడాది తిరక్కుండానే తమ్ముడికి వైజాగ్ బదిలీ అయింది. ఆ తర్వాత ఆ ఇంటి బెల్లు నొక్కేవాళ్ళు పనిమనిషి అమలమ్మా, గ్యాస్ బండ తెచ్చే అతనూ తప్ప ఇంకెవరూ లేరు. పండగ పూట ఫోన్ మోగితే గొంతు సవరించుకుని మరీ ఎత్తేది. అవతల ఏ క్రెడిట్ కార్డు వాళ్ళో ఉండేవాళ్ళు.

అలాంటి ఇంటికి రుచితను పంపింది స్టీఫెన్. ఒకప్పుడు ఛాయాదేవి దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడొక కంపెనీలో మేనేజరు. బ్యాంకుల పాత ప్రోగ్రాములు చూసిపెట్టడానికి అతనికి పెర్ల్ తెలిసినవాళ్ళు కావాలి. “ఇంటర్వ్యూలోగా మేడమ్ దగ్గర నేర్చుకోమ్మా” అని అడ్రసు ఇచ్చాడు. పాసైతే ఉద్యోగం చెన్నైలో.

మొదటిరోజు రుచిత కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్ళు కూడా వద్దంది. ఇప్పుడు వస్తూనే చెప్పులు విప్పి, ఫ్రిజ్ తలుపు తీసి, “పెరుగు అయిపోయిందండీ, కింద తెస్తానుండండి” అంటోంది. ఛాయాదేవి మధ్యాహ్నం నిద్ర మానేసింది. నాలుగు కాకముందే తల దువ్వుకుని బాల్కనీలోకి వచ్చి, బందరు రోడ్డు వైపు నుంచి వచ్చే సిటీ బస్సుల కోసం చూస్తుంది. ఆ పిల్లకి అల్లం పచ్చడి ఇష్టమని తెలిశాక ఇంట్లో పెసరట్లు ఎక్కువయ్యాయి.

ఓ సాయంత్రం రుచిత బ్యాగు కూడా తియ్యకుండా కుర్చీలో కూలబడింది.

“ఇంటర్వ్యూ మళ్ళీ పోస్ట్‌పోన్ చేశారండీ. ఇప్పుడే మెసేజ్ వచ్చింది.”

ఛాయాదేవి లేచి వెళ్ళి ఫ్యాను వేసి వచ్చింది.

“కంపెనీలంటే అంతేనమ్మా. క్లయింట్లు ఏదీ తేల్చరు, వీళ్ళు పిలవరు.”

“నాలోనే ఏదో తక్కువుందేమో. నిజం చెప్పండి మేడమ్, నేను పనికొస్తానా?”

“ఇవాళ పిలిచినా పాసవుతావు” అంది ఛాయాదేవి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె రుచిత మొహంలోకి చూడలేదు.

రుచిత కళ్ళు తుడుచుకుంది. “నాన్న ఇంటికి వచ్చెయ్యమంటున్నారండీ. మా ఊరి స్కూల్లో కంప్యూటర్ టీచర్ పోస్టు ఉందంట. ఇంకెన్నాళ్ళు హాస్టల్లో ఉంటావంటున్నారు. ఆదివారం ఖాళీ చేసేస్తాను.”

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఛాయాదేవి కదల్లేదు.

“హాస్టల్ ఖాళీ చెయ్యి. కానీ ఊరికి కాదు, ఇక్కడికి రా.”

“మేడమ్...”

“ఆ ముందు గది ఊరికే పడుంది. మీ నాన్నగారి నంబరివ్వు, నేను మాట్లాడతాను.”

చల్లపల్లిలో రుచిత నాన్న రామాంజనేయులు ఫోన్ ఎత్తి చాలాసేపు నసిగాడు. తమ వల్ల ఆవిడకి ఇబ్బందేమో అన్నాడు. ఉద్యోగం రాకపోతే మళ్ళీ ఈ స్కూలు పోస్టు దొరకదన్నాడు.

“మీ అమ్మాయి తెలివైందండీ. తొందరపడి ఇంటికి పిలిచేసుకోకండి. తన బాధ్యత నాది” అంది ఛాయాదేవి.

“ఈ రోజుల్లో సొంతవాళ్ళు కూడా ఇలా చూడరండీ” అన్నాడాయన. రుచిత ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

శనివారమంతా అమలమ్మ చేత గది కడిగించింది ఛాయాదేవి. అట్టపెట్టెలన్నీ తన మంచం కిందికి తోయించి, కిటికీకి కొత్త కర్టెన్ కట్టింది. ఆదివారం పొద్దున రుచిత రెండు బ్యాగులతో దిగితే తనే ఒకటి అందుకుని లోపలికి మోసుకెళ్ళింది. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర భోంచేశారు.

సాయంత్రం ఆఖరి పరీక్షలాగా ఓ పెద్ద లెక్క ఇచ్చింది. చిందరవందరగా ఉన్న బ్యాంకు ఫైలు చదివి, తప్పుడు వరసలు పక్కకు తీసి, మిగిలినవి ఖాతాల వారీగా కూడాలి. రుచిత నోట్సు ముట్టకుండా ప్రోగ్రాము రాసేసింది. ఛాయాదేవి ఫైలును కావాలనే మరీ పాడుచేసి ఇచ్చినా ప్రోగ్రాము తడబడలేదు. ఏదైనా తప్పు కనబడుతుందేమోనని పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికింది.

“ఎలా ఉందండీ?”

“ఇంక నీకు నేను నేర్పాల్సిందేమీ లేదు.”

రుచిత ఒక్క గెంతున లేచింది. “ఈ మాటకి టీ నేనే పెడతాను. మీరు లేవకండి!”

అప్పుడే ఫోన్ మోగింది. ఛాయాదేవి ఫోన్ తీసుకుని బాల్కనీలోకి నడిచి తలుపు దగ్గరగా వేసింది.

“మేడమ్, స్టీఫెన్‌ని. ఆ అమ్మాయిని ఇంటర్వ్యూకి పిలవమంటారా?”

లోపల రుచిత ఏదో పాట సన్నగా పాడుకుంటోంది. “అల్లం వెయ్యనా మేడమ్?” అని వంటింట్లోంచి కేకేసింది. కింద బస్సు ఆగింది, ఎవరూ దిగకుండానే కదిలిపోయింది. ఛాయాదేవి అద్దం తలుపులోంచి లోపలికి చూస్తూ గొంతు తగ్గించింది.

“ఇంకా తయారవలేదు స్టీఫెన్, మళ్ళీ వాయిదా వెయ్యి.”