స్వీడన్ సంచీ

"అక్కా! నువ్వు పొద్దున్నే స్వీడన్ వెళ్లావని అత్తయ్య చెప్పారే!"

తోటికోడలు రాగ్నిల్డ్ గొంతు వినగానే టూరిద్ చేతులు ఆగిపోయాయి. నార్వేలో, స్వీడన్ సరిహద్దు దగ్గరి సార్ప్స్‌బోర్గ్‌లో వాళ్ళ వీధి చివరి కొట్టు బయట బెంచీ మీద కూర్చుని, అప్పుడే కొన్న మాంసాన్ని ఆమె స్వీడన్ కొట్టు సంచీలోకి మారుస్తోంది.

రాగ్నిల్డ్‌కు విషయం అర్థమైపోయింది. "సరిహద్దు దాటి వెళ్లి సగం ధరకే మాంసం తెస్తుంది. పెద్దకోడల్ని చూసి నేర్చుకో" అని ప్రతి ఆదివారం అత్తగారు టూరిద్‌ను ఆకాశానికెత్తి, అందరి ముందూ తనను దెప్పేది. ఇన్నాళ్ళకు దొరికింది దొంగ!

"అయితే నీ పొదుపంతా బూటకమేనా?"

"మొదట్లో నిజంగానే వెళ్లేదాన్ని. ఇప్పుడు శనివారాలూ మీ బావకు డ్యూటీయే, కారు ఆయన దగ్గరే." టూరిద్ తలెత్తలేదు. "అత్తయ్య నీ పాట మెచ్చుకుంటుంది, నీ కేకు మెచ్చుకుంటుంది. నా గురించి ఆవిడ చెప్పే మంచిమాట ఇదొక్కటే. నిన్ను చూస్తే నాకెంత కుళ్ళో తెలుసా?"

తనను చూసి కుళ్ళా? ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది తానొక్కతే అనుకుంది రాగ్నిల్డ్.

అంతలో ఆమె ఫోన్ మోగింది. అత్తగారు.

"టూరిద్ ఫోనెత్తడం లేదు. స్వీడన్ నుంచి వచ్చేసిందేమో, నీకేమైనా కనబడిందా?"

టూరిద్ ముఖం పాలిపోయింది.

"నేనూ అక్కతోనే స్వీడన్ వచ్చాను అత్తయ్యా," అంది రాగ్నిల్డ్. "ఇక్కడ తిరునాళ్ళలా ఉంది జనం. ఆలస్యమవుతుంది."

ఫోన్ పెట్టేసి బెంచీ మీద పక్కనే కూర్చుంది.

"వచ్చే శనివారం నా కార్లో వెళ్దాం అక్కా. ఏది ఎక్కడ చవకో నువ్వే చూపించాలి."