ముప్పై సెకన్లకో ఫొటో

"అర సెకను వద్దు, రెండు సెకన్లూ వద్దు. మరి ఏం కావాలి నాన్నా?" అగ్గిపెట్టెంత కెమెరాని చేతిలో తిప్పుతూ విసుక్కుంది నినెత్.

"ఇంకొక్కసారి చెప్పు తల్లీ. బుర్రకెక్కలేదు," అన్నాడు దోన్ అనస్తాసియో. ఎడమచేత్తో రొట్టె తుంచుకుంటున్నాడు. కుడిచెయ్యి ఎప్పట్లాగే కోటు జేబులో ఉంది.

గుడ్ ఫ్రైడే ఊరేగింపు కోసం ఆంటిగ్వా వీధుల్లో రంగుల రంపప్పొట్టుతో తివాచీలు పరుస్తారు. చర్చి గుమ్మం ముందు పరిచేదానికి ముప్పై ఏళ్లుగా ఆయనే పెద్ద. నిరుడెవరో కూలివాళ్లతో వేయించి తన పనేనని చెప్పుకున్నాడట. దాంతో చర్చి సంఘం ఈసారి మెలిక పెట్టింది. ప్రతి పెద్దా ఓ చిన్న తివాచీ తన చేత్తో తానే వేస్తూ వీడియో పంపాలి. లేదంటే చోటు ఇంకొకరికి. ఆ కబురు విన్నప్పటి నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు. సంగతి తెలిసి రాజధాని నుంచి కూతురు కెమెరాతో సహా నిన్ననే దిగింది.

"ఇది తీసిన ఫొటోలన్నీ వరసగా అతికించి వీడియో చేస్తుంది. అర సెకనుకో ఫొటో అయితే ప్రతి కదలికా కనబడుతుంది. రెండు సెకన్లకైతే కాస్త చురుగ్గా ఉంటుంది. ముప్పై సెకన్లంటావా, అది మబ్బులకీ అగ్నిపర్వతం పొగకీ. మనుషులకి పనికిరాదు."

"ఎందుకని?"

"మధ్యలో జరిగిందంతా పోతుందిగా!"

"పోయింది ఇంకెవరికీ కనబడదా?"

"తీయందే ఎలా కనబడుతుంది?"

"అయితే ముప్పై పెట్టు."

"గంతులేసే కోతిలా ఉంటావు! ఎంతసేపు వేస్తావేంటి?"

"ఐదు గంటలు."

"ఒక్క గులాబీకా? రెండు గంటల్లో వేసేవాడివిగా! పైగా ముప్పై పెడితే ఐదు గంటలూ కలిపి ఇరవై సెకన్లే వస్తుంది."

"చాలు. సంఘం వాళ్లకి అంతకన్నా ఓపిక లేదు."

నినెత్ కెమెరాని ముప్పైకి మార్చింది. నిన్న సాయంత్రం కూడా ఇంతే. ఆయన అట్టమీద మూస కోస్తుంటే అర సెకనుకి పెట్టి వంటింట్లోకి వెళ్లింది. వచ్చేసరికి ఆయనొక్కడే చూసేసుకుని, "నువ్వు చూడక్కర్లేదు, చెరిపెయ్," అన్నాడు. బట్టతల కనబడిందేమోలే అని ఆమె నవ్వుకుంది.

మర్నాడు నిచ్చెన మీద కెమెరా బిగించింది. "మనిషి పక్కనుంటే నాకు చెయ్యాడదు," అంటూ ఆయన ఆమెని బజారుకి తరిమాడు.

సాయంత్రం సంఘం పెద్ద దోన్యా ఎర్లిందా వచ్చి వీడియో చూసింది. తెరమీద, పెరటి నేలపై రంపప్పొట్టు గులాబీ ఒక్కొక్క రేకే విచ్చుకుంది.

"మెరుపులా వేశావయ్యా! గుమ్మం నీదే," అంటూ చెయ్యి చాచింది.

దోన్ అనస్తాసియో జేబులోంచి చెయ్యి తీయలేదు. తల మాత్రం వంచాడు. కళ్లు చెమ్మగిల్లాయి. ఆవిడ ఆ వినయానికే మురిసిపోయి వెళ్లింది.

"అంతా బాగానే ఉంది గానీ, ఆ ముప్పై మీద అంత పట్టు ఎందుకో నాకింకా అంతుపట్టలేదు నాన్నా," అంది నినెత్.

ఆయన వీధి తలుపు మూసి వచ్చాడు. జేబులోంచి కుడిచెయ్యి తీసి ఆమె ముందు చాచాడు.

అది ఆగకుండా వణుకుతోంది.