సరిపోలిన మెసేజ్

లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. దీపం వెలుగు సగానికి తగ్గింది.

"ఏమైంది అమ్మాయ్?" అంది అత్తగారు, కోడలి చెయ్యి పట్టుకుని.

"ఏం లేదత్తయ్యా, ఇప్పుడే కదులుతుంది."

కదల్లేదు.

అత్తగారికి ఆయాసం. ఇన్‌హేలర్ పొద్దున్నే అయిపోయింది. అందుకే ఐదో అంతస్తులో ఉన్న డాక్టరు దగ్గరికి బయలుదేరారు ఇద్దరూ. ఆవిడ ఖాళీ ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని ఆశ చావక నొక్కింది. ఉత్త గాలి. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

కోడలు గంట బటన్ నొక్కింది. ఎక్కడో మోగింది గానీ పలికిన నాథుడు లేడు. సెలవు రోజు, పైన డాక్టరు గది తప్ప భవనమంతా ఖాళీ. తలుపు మీద గుద్దింది, గొంతు చించుకుని అరిచింది. ఫోన్ చేద్దామంటే ఒకే ఒక్క గీత సిగ్నల్. మాట వెళ్ళదు, మెసేజ్ అయితే వెళ్తుంది.

అప్పుడు కనిపించింది, బటన్ల కింద తళతళలాడుతున్న కొత్త స్టిక్కరు. 'లిఫ్టులో ఇరుక్కున్నారా? ఈ నంబరుకి మెసేజ్ పంపండి.'

"బతికాం అత్తయ్యా! ఇది మా కంపెనీదే. ఈ మెసేజ్‌లు చదివే ప్రోగ్రామ్ రాసింది నేనే. ఈ పొద్దుటే మొదలుపెట్టారు."

"దీనికోసమేనా వారం రోజులు పరీక్షలంటూ నా ఫోనుకి మెసేజ్‌లు పంపి టింగు టింగుమనిపించావు?"

"దీనికోసమే."

"పోనీలే, పనికొచ్చింది. త్వరగా కొట్టు."

కోడలు కొట్టింది. 'లిఫ్టులో ఇరుక్కున్నాం. మా అత్తగారికి ఆయాసం. త్వరగా రండి.'

రెప్పపాటులో జవాబు వచ్చింది. 'మీ విలువైన సూచనకు ధన్యవాదాలు.'

"సూచనేమిటి, వాడి మొహం!" అంది అత్తగారు. "నువ్వు మర్యాదగా రాయలేదు. 'అయ్యా, తమరు దయచేసి మమ్మల్ని బయటికి తీయించగలరు' అని రాయి."

అదీ రాసింది. 'మీ విలువైన సూచనకు ధన్యవాదాలు.'

"ఎవడమ్మా వాడు?"

"నేనే అత్తయ్యా," అంది కోడలు నీరసంగా.

ఆ ముక్క రాసింది ఆమే. వచ్చిన ప్రతి మెసేజ్‌నీ ఆమె ప్రోగ్రామ్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే అక్షరాల మూసలో పెట్టి చూస్తుంది. ముందు లిఫ్టు నంబరు, తర్వాత ఎంతమంది, ఆ తర్వాత సంగతి. ఆ వరసలో ఉంటేనే మెకానిక్‌కి కబురు వెళ్తుంది. ప్రోగ్రామ్ రాయడానికి ఆమె ఏరికోరి ఎంచుకున్న ఫంక్షనల్ భాషకి పట్టింపులెక్కువ. సరిపోలితే ఏం చెయ్యాలో, సరిపోలకపోతే ఏం చెయ్యాలో రెండూ రాసేదాకా ప్రాణం తీస్తుంది. సరిపోలని వాళ్ళకి ఏం చెప్పాలో తోచక ఆమె ధన్యవాదాలు చెప్పి చేతులు దులుపుకుంది.

"మళ్ళీ పంపి చూడు. జాలి పడుతుందేమో."

"పడదత్తయ్యా. అదే అడిగితే అదే చెప్తుంది, వెయ్యిసార్లు అడిగినా సరే. అదే ఆ భాష గొప్ప."

"మీ మామయ్యా అంతే. గొప్పని ఎవరూ అనలేదు." అత్తగారు నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఒక పట్టాన ఆగలేదు.

కోడలు బాసుకి మెసేజ్ పెట్టింది. 'సార్, నేనే లిఫ్టులో ఇరుక్కున్నాను. మెకానిక్‌ని పంపండి.'

'ఆ నంబరుకే పంపమ్మా. నీ ప్రోగ్రామే కదా, అది చూసుకుంటుంది. ఫోన్ల దగ్గర ఉండే ఆవిణ్ణి నిన్నే మాన్పించేశాం,' అన్నాడు బాసు. వెనకే ఒక బొటనవేలు బొమ్మ. ఆ తర్వాత ఎన్ని పంపినా ఉలుకూ పలుకూ లేదు.

ఇక లిఫ్టు నంబరు వెతుక్కోక తప్పలేదు. నంబరున్న రేకు మీద ఎవరో ట్యూషన్ల ప్రకటన నిండా జిగురు పూసి అంటించారు. అత్తగారి తలలో పిన్ను తీసి గీకింది. గోళ్ళతో గీకింది. ఒక గోరు విరిగింది. అంకెలు ఒక్కొక్కటే బయటపడుతుంటే వెనక అత్తగారు గోడకి జారబడి కింద కూలబడింది.

"అత్తయ్యా!"

పెదవులు పాలిపోయాయి. మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఈవిడతో తనకి పడదని ఎన్నిసార్లు ఎంతమందితో చెప్పుకుందో కోడలు. ఇప్పుడు ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే ఏడుపు తన్నుకొచ్చింది. భయమేసింది. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది.

కళ్ళు తుడుచుకుని కొట్టింది. లిఫ్టు నంబరు. ఖాళీ. రెండు. ఖాళీ. ఆయాసం. ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపింది.

'మీ మెసేజ్ అందింది. మెకానిక్‌కి కబురు పంపాం.'

"సరిపోలింది! సరిపోలింది అత్తయ్యా!" కోడలు ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది. "ఈపాటికి మెకానిక్ ఫోను మోగే ఉంటుంది. ఇంకొంచెం ఓర్చుకోండి."

అత్తగారి చేతిసంచిలో టింగుమంది.

ఆవిడ రొప్పుతూనే ఫోను బయటికి తీసి, కళ్ళకి దూరంగా పెట్టుకుని చదివింది.

"నీ పరీక్షలు ఇంకా అవలేదా అమ్మాయ్? పొద్దుట్నుంచీ ఇదే గోల. 'మెకానిక్ గారూ, వెంటనే బయలుదేరండి. లిఫ్టులో ఇద్దరున్నారు. ఆయాసం...' అయ్యో పాపం, ఎవరో నాలాంటి మనిషే!"