కేకల ప్రాక్టీసు

లిఫ్టు దగ్గర పక్కింటి పిన్నిగారు నన్నూ మా ఆయన్నీ పట్టుకున్నారు.

"మొన్నొచ్చిన కామెడీ చూశామమ్మా, చక్కిలిగింతలు పెట్టినా నవ్వు రాదు. ఆ దెయ్యం సినిమా మాత్రం అదిరింది! నీ కేకకి నా ఒళ్లు జలదరించిందనుకో."

దెయ్యం సినిమాల్లో హీరోయిన్ల కేకలకి డబ్బింగు చెప్పేది నేనే.

"ఇంట్లో నువ్వు ప్రాక్టీసు మొదలెట్టగానే మీ బాబాయిగారు టీవీ సౌండు పెంచేస్తారు," అని నవ్వారావిడ. మా ఆయన వైపు తిరిగి, "ఎలా భరిస్తున్నావయ్యా?" అన్నారు.

"అలవాటైపోయిందండీ," అంటూ ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఉలిక్కిపడి, తర్వాత నవ్వాను.

స్టూడియోలో నా కేక ఎప్పుడూ మొదటి టేకులోనే ఓకే అవుతుంది. ఇంట్లో నేను ఒక్కరోజూ ప్రాక్టీసు చెయ్యలేదు.